యుద్ధ విమానానికి వాహనపూజ

1999, కార్తీక మాసం, ఒక ఆదివారం సాయంత్రం. మాదాపూర్‌లో మా ఇల్లు. హాజరైనవారు: నేను, మా ఆవిడ కమల, మా అమ్మాయి సుధ, సుధ ఆఫీసు కారు నడిపే యాదగిరి, ఒక జర్మన్ యుద్ధ విమానం. వీరిలో చివరివారు చీకటి పడేలోగా కూలిపోయారు. కూల్చింది ఎవరో మీరు ఈపాటికే కనిపెట్టి ఉంటారు.

విమానం ప్లాస్టిక్‌ది, అన్నం పళ్ళెంలో పట్టేంత. అసలుది రెండో ప్రపంచయుద్ధంలో రాత్రిళ్ళు బాంబర్లను వేటాడేదట. సుధ బాసు విదేశం నుంచి ముక్కల డబ్బాగా తెచ్చుకుని, అతికించే తీరిక లేక అలమారలో పడేశాడు. "మా నాన్నగారు నీటిపారుదల శాఖలో డ్రాయింగులు గీసి రిటైరయ్యారు సార్, ఆయనకిస్తే చిటికెలో చేసేస్తారు" అని సుధ నోరు జారింది. సుధ ఉద్యోగం పర్మనెంటు చేయాలో వద్దో తేల్చేది ఆ బాసే. సోమవారం వాళ్ళ కొత్త ఆఫీసు ప్రారంభం. విమానం ఆయన బల్ల మీద వాలి తీరాలి.

నేను పద్ధతి గల మనిషిని. ఏ ఆనకట్టకూ అంత శ్రద్ధగా గీతలు గీయలేదు. ముక్కు మీద అతికించాల్సిన రాడార్ కడ్డీలు దోమ కాళ్ళంత సన్నం. ఆ పూట ఫ్యాను ఆపించి, కమలను తుమ్మవద్దని కూడా ఆదేశించాను.

రంగు ఆరింది. సరిగ్గా అప్పుడే యాదగిరి వచ్చాడు.

"మస్తుంది సార్! మరి పూజ?"

"ఇది బొమ్మ, యాదగిరీ."

"చక్రాలున్నయి గద! నేను పూజ చెయ్యకుండ కొత్త కారు తీసిన. నార్సింగి దాటలే, బర్రెను గుద్దిన. ఇగ మీ ఇష్టం."

నవ్వి ఊరుకోవలసింది. కానీ అమ్మాయి ఉద్యోగం కళ్ళ ముందు కదిలింది. బర్రె కూడా కదిలింది.

"కమలా, కర్పూరం ఎక్కడ?"

"మతి గానీ పోయిందా అండీ? అది ఎగరనే ఎగరదు!"

"సుధ ఉద్యోగం దీని మీదే ఎగరాలి. నువ్వు కర్పూరం తే."

రెండు ఇంజన్లకూ కుంకుమ బొట్లు పెట్టాను. బంతిపూల దండ వేస్తే విమానం మాయమైంది; తీసి, ఒక్క పువ్వు పెట్టాను. చక్రాలు మిరియపు గింజలంత, నిమ్మకాయ కొండంత.

"జర చిన్నది లేదా సార్?"

"ఉన్నవన్నీ ఇంతే."

"అయితే ముక్క కోసి పెట్టుండ్రి. తొక్కించాలె. చప్పుడు రావాలె."

ముక్కలు చక్రాల కింద పెట్టి, ఒక చేత్తో విమానాన్ని పట్టుకుని, రెండో చేత్తో హారతి మొదలెట్టాను. భక్తితో కళ్ళు మూసుకున్నాను కూడా.

"ఏవండీ! వేడికి రెక్క వంగి దండం పెడుతోంది!"

ఉలిక్కిపడ్డాను. పట్టుకున్న చెయ్యి విమానాన్ని గట్టిగా అదిమేసింది. చప్పుడు వచ్చింది. నిమ్మకాయది కాదు.

కాళ్ళు విరిగాయి. ముక్కు నిమ్మచెక్కలో దిగబడింది. ఇస్త్రీ చేసుకుంటున్న సుధ పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా! రేపు ఆయనకి ఏం చూపించను?"

"ల్యాండింగ్ కాస్త కుదరలేదని చెబుదామమ్మా."

"ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్," అన్నాడు యాదగిరి. "పూజ అయితే అయింది గద!"

మర్నాడు ఉదయం శవపేటికలాంటి అట్టపెట్టెతో నేనే సుధ వెంట వెళ్ళాను. సూటూ టైతో బాసు సర్వర్ గదిలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ ప్రాణమైన కొత్త సర్వర్‌కు అప్పటికే పసుపు పూసి ఉంది. పంతులుగారు పళ్ళెంలో కర్పూరం వెలిగించారు.

బాసు పెట్టె తెరిచాడు. "ఏమిటండీ ఇది?"

"వాహనపూజ చేశామండీ. హారతి కాస్త దగ్గరైంది."

ఆయన వేలాడే రెక్కను చూశాడు. సర్వర్ చుట్టూ తిరగబోతున్న మంటను చూశాడు.

"పంతులుగారూ! ఆగండి!"

ఆ కేక రాయదుర్గం దాకా వినిపించి ఉంటుంది. పళ్ళెం గాలిలోనే ఆగిపోయింది. బాసు రుమాలుతో చెమట తుడుచుకుని, "సుధగారూ, మీ నాన్నగారు సమయానికి వచ్చి కంపెనీని కాపాడారు. ఇక మీ ఉద్యోగం గురించి బెంగ పెట్టుకోకండి" అన్నాడు. పంతులుగారు మాత్రం నన్ను ఎలా చూశారంటే, నాకూ ఒక రెక్క వంగింది.

మధ్యాహ్నానికల్లా మా విమానాన్ని నిమ్మచెక్కతో సహా సర్వర్ గది గుమ్మం పక్కన నిలిపారు. పైన కొత్త బోర్డు: "లోపల హారతి నిషేధం."

ఆ గుమ్మం ముందే కుడిచేయి చాచి ప్రతిజ్ఞ చేశాను: రెక్కలున్న దేనికీ ఈ జన్మలో పూజ చేయను. నిమ్మకాయను పులిహోరకు మాత్రమే వినియోగిస్తాను.