కబురు పాసు, కలకత్తా పుస్తకం

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో సౌభాగ్య ఉండే క్వార్టర్‌కీ రైలు పట్టాలకీ మధ్య ఒక గోడ, ఒక మునగచెట్టు, అంతే. ఆవిడ బియ్యం కడుగుతుంటే హావ్‌డా వెళ్ళే బండి పోతుంది. తాలింపు వేస్తుంటే ముంబయి వెళ్ళేది పోతుంది. స్టేషన్ మైకులో చెప్పే ఊళ్ళ పేర్లన్నీ నిద్రలో అడిగినా వరసగా చెప్పగలదు. ఇన్ని రైళ్ళ మధ్య పుట్టి, పెరిగి, పెళ్ళాడి, యాభై దాటిన ఈ మనిషి ఇంతవరకూ రైలెక్కి వెళ్ళిన ఊరు ఏదయ్యా అంటే ఒక్కటే, విజయనగరం. పెళ్ళికి విజయనగరం, పేరంటానికి విజయనగరం, పైడితల్లమ్మ పండక్కి విజయనగరం. చావుకైతే ఇక చెప్పనే అక్కర్లేదు.

తప్పు ఆవిడది కాదు, పాసుది. రైల్వే ఉద్యోగికీ అతని కుటుంబానికీ ఏడాదికి మూడు సెట్ల ఉచిత పాసు వస్తుంది. దేశంలో ఎక్కడికైనా పోవచ్చు. కానీ ఆ ఇంట్లో రెండు సెట్లు బంధువుల శుభకార్యాలకే సరిపోతాయి, మూడోదాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. దాని పేరు కబురు పాసు. ఊళ్ళో ఎవరో పోయారని కబురొస్తే బయల్దేరడానికి దాచిపెట్టేది. ఈ ఆచారం పెట్టింది సౌభాగ్య అత్తగారు అప్పయమ్మ. ఆవిడ రోజుల్లో పాసంటే కాగితం, పోపులపెట్టె అడుగున దాచేది. ఇప్పుడు పాసు ఫోన్లోకి వచ్చింది కానీ ఆచారం మాత్రం ఇల్లు కదల్లేదు. ఏడాది తిరిగేలోపు ఎవరూ పోకపోతే కబురు పాసు ఊరికే మురిగిపోతుంది. "పోన్లే, మంచిదే కదా, ఎవులూ పోలేదు" అనుకుని సంతోషించాలి. ఇంతా చేసి, ఆ నియమం పెట్టిన అప్పయమ్మ ఈ క్వార్టర్లోనే కన్నుమూసింది, ఎవరికీ పాసు ఖర్చు లేకుండా.

టికెట్ కొనుక్కుని వెళ్ళొచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. మీరు రైల్వేవాళ్ళు కారు కాబట్టి అనిపిస్తుంది. మూడు తరాలుగా ఆ ఇంట్లో ఒక్కరూ రైలు టికెట్ కొన్న పాపాన పోలేదు. సౌభాగ్య భర్త చిన్నారావు లోకో షెడ్‌లో టెక్నీషియన్. మంచి మనిషి, గొంతు పెంచి మాట్లాడడు, జీతం తెచ్చి భార్య చేతిలో పెడతాడు. టికెట్ మాటెత్తితే మాత్రం నడిబజార్లో చొక్కా విప్పమన్నట్టు చూస్తాడు. "టికెట్టు కొని రైలెక్కితే రేపు షెడ్డులో నా మొకం ఎక్కడెట్టుకోవాల?" అంటాడు. అక్కడితో ఆ మాట ఆఖరు.

సౌభాగ్యకి కలకత్తా చూడాలని ఉంది. పెద్ద కారణం ఏమీ లేదు. రోజూ తన ఇంటి వెనకనుంచి పోయే హావ్‌డా బండి ఎక్కడికి పోయి ఆగుతుందో చూడాలని, అంతే. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి దిగిపోవచ్చు. కానీ విజయనగరం పక్క పల్లెలో చిన్నారావు పిన్ని చిన్నతల్లి ఉంది. నాలుగేళ్ళుగా ఆవిడ ఇదిగో పోతుంది, అదిగో పోతుంది. ఆవిడ కోసం దాచిన పాసులన్నీ ఏడాదికొకటి చొప్పున మురిగిపోయాయి. ముసలావిడ మాత్రం మంచం మీదే ఉండి గంజి తాగుతోంది.

ఈ ఏడు కూడా దసరా వెళ్ళేసరికి కబురు పాసు ఒక్కటే మిగిలింది. అప్పుడు సౌభాగ్యకి ఒక మొండి ఆలోచన వచ్చింది. పాసు తన చేతిలో లేదు, పుస్తకం కొనడమైతే తన చేతిలో ఉంది కదా. ఊరు చూపించే పుస్తకం ఒకటి కొని ఇంట్లో పెడితే, వెళ్ళే రోజు దానంతట అదే రాకపోతుందా అనుకుంది. ఊళ్ళోనే కుదుదండ్ పేటలో ఉంటున్న కూతురు తనూజ నవ్వింది.

"మమ్మీ, ఫోన్ మే సబ్ హై నా! అన్నీ ఫోన్లోనే ఉంటే పుస్తకమెందుకు?"

"ఫోన్ తెరిస్తే ముందు నేనెక్కడున్నానో చూపిస్తాదే. బిలాస్‌పూర్ మీద నీలం చుక్కెట్టుకుని కూచుంటాది. ఎప్పుడు చూసినా ఆ చుక్క అక్కడే. నాకు తెలీదేటి నేనెక్కడున్నానో?"

ఒక మధ్యాహ్నం ఒక్కతే గోల్‌బజార్లో పుస్తకాల కొట్టుకి వెళ్ళింది. కొట్టతను కలకత్తా పేరున్న పుస్తకాలు మూడు తెచ్చి బల్ల మీద పడేశాడు. సౌభాగ్య వంకాయలు ఏరినట్టు ఒక్కోదాన్నీ తిప్పి తిప్పి చూసింది. మొదటిది ఇంగ్లీషుది, నున్నటి కాగితం, కళ్ళు చెదిరే బొమ్మలు. కూడబలుక్కుని చదివితే అది విమానాశ్రయంతో మొదలైంది. దాన్ని అక్కడికక్కడే మూసేసింది. రెండోది పల్చటి హిందీ పుస్తకం. అట్ట మీద అమ్మవారు, లోపలంతా గుళ్ళూ వాటి మహిమలూ. మహిమలు బాగానే ఉన్నాయి కానీ ఏ గుడికి ఎటునుంచి వెళ్ళాలో ఒక్క ముక్క లేదు.

మూడోదీ హిందీదే, ముతక కాగితం, బొమ్మలు తక్కువ. హిందీ అంటే ఆవిడకి ఇబ్బంది లేదు. రైల్వే స్కూల్లో చదివింది అందులోనే. తెలుగే అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. ఇంతకీ ఆవిడకి కావలసిన జవాబు ఒకటే: హావ్‌డాలో రైలు దిగి స్టేషన్ బయటికి వచ్చాక ఎటు తిరగాలి? ఈ పుస్తకం చెప్పింది. బయటికి రాగానే ఎదురుగా నది, ఎడమచేతి వైపు వంతెన, నేరుగా నడిస్తే పడవల రేవు ఉంటాయంది. టాక్సీవాళ్ళు పిలుస్తారు, తొందరపడవద్దు, పడవలో దాటితే చవక, గాలి కూడా బాగుంటుందంది. సోమవారం మ్యూజియం ఉండదు, ఆ రోజు వెళ్ళి వెనక్కి రావద్దంది. ఆడవాళ్ళు ఏమీ కొనకుండా కాసేపు కూర్చోగల చోట్లు ఏవో కూడా రాసింది. ఆ చివరి సంగతి రాసినవాళ్ళెవరో గానీ వాళ్ళ కడుపు చల్లగా ఉండాలని సౌభాగ్య అనుకుంది.

కానీ ఇదంతా నిజమో కాదో తెలిసేదెలా? చూడని ఊరి గురించి ఎవరేం రాసినా నమ్మాల్సిందే. అటకమీద అదే కంపెనీవాళ్ళ ఛత్తీస్‌గఢ్ పుస్తకం కనబడింది. దాన్ని దింపించి బిలాస్‌పూర్ పేజీ తీసింది. అందులో ఇలా ఉంది: రైలు మారడానికి అనువైన స్టేషన్. రతన్‌పూర్ గుడికి వెళ్ళేవారు ఇక్కడ దిగి బస్సు పట్టుకోవాలి. ఊళ్ళో ఆగవలసిన పని లేదు.

సౌభాగ్యకి ఒళ్ళు మండింది. ఆగవలసిన పని లేదట! పుట్టిందగ్గర్నుంచీ ఆగిపోయి ఉన్న మనిషి బల్లకి ఇవతల నిలబడి ఉంటే ఎంత మాట! ఆ కోపం చల్లారాక ఏడుపొచ్చినంత పనైంది. ఆ తరవాత నమ్మకం కుదిరింది. తనకి తెలిసిన ఊరి గురించి మొహమాటం లేకుండా నిజం చెప్పిన వాళ్ళు తెలియని ఊరి గురించి అబద్ధం ఎందుకు చెబుతారు? కలకత్తా పుస్తకం తీసుకుంది. కొట్టతను కవర్లో పెడుతూ "కబ్ జా రహీ హైఁ, ఆంటీజీ?" అని ఎప్పుడు వెళుతున్నారో అడిగాడు. రోజు చెప్పకుండా "జాయేంగే" అని, వెళతాంలే అన్నట్టు, కవరు అందుకుంది.

చిన్నారావు పుస్తకాన్ని తిరగేసి "అచ్ఛా, బాగుంది" అన్నాడు. వెనకాల ధర చూసి కూడా విసుక్కోలేదు. "ఎల్దాంలే, పిన్ని సంగతి తేలనీ" అన్నాడు. పిన్ని సంగతి తేలడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. సౌభాగ్య రోజూ వంటయ్యాక పుస్తకం తీసి, ఇంటి వెనక బండి శబ్దం అవుతుంటే, ఆ బండి దిగి నడవాల్సిన దారి చదువుకునేది. నవంబరు వెళ్ళిపోయేసరికి సగం పుస్తకం నోటికి వచ్చేసింది. ఆ దారుల్లో ఎంత తిరిగినా, తల ఎత్తితే అదే గోడ, అదే మునగచెట్టు. కొన్ని రోజులు ఊపిరాడనట్టు ఉండేది. గుండెజబ్బేమోనని భయపడింది కూడా.

డిసెంబరు మొదట్లో ఒక పొద్దున్నే ఫోన్ మోగింది. విజయనగరం నుంచి సన్యాసిరావు, చిన్నతల్లి కొడుకు. ఆ పేరు చూడగానే సౌభాగ్య గుండె ఎగిరింది. పోయిందా? కబురు పాసు ఖర్చయిపోతే ఇక దాచాల్సింది లేదు, వచ్చే ఏడు కొత్త పాసులు వస్తాయి, కలకత్తా వెళ్ళిపోవచ్చు. ఇదంతా ఒక్క క్షణంలో అనేసుకుంది. సన్యాసిరావు బియ్యపు బస్తా సంగతేదో అడిగి పెట్టేశాడు. ఆవిడ ఫోన్ పట్టుకుని అలాగే కూలబడింది. ఒక ముసలి ప్రాణం పోతే బాగుణ్ణని తను కోరుకుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో తలకి నూనె రాసి జడ వేసిన మనిషి పోవాలని కోరుకుంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ పాపం ఎలా కడుక్కోవాలో తెలియక ఆ సాయంత్రం తనే చిన్నతల్లికి ఫోన్ చేసింది. ముసలావిడకి చెముడు కాబట్టి స్పీకర్ పెట్టింది. షెడ్ నుంచి అప్పుడే వచ్చిన చిన్నారావు చొక్కా విప్పుతూ వింటున్నాడు.

"ఏటే సౌబాగ్గెం, ఎప్పుడొస్తన్నారు?"

"ఈ యేడింక కుదర్దు సిన్నత్తా. పాసు ఒకటే ఉంది. అది..." ఆగిపోయింది.

"నాకోసం దాసినారేటి?" ముసలావిడ నవ్వింది. "పిచ్చిదానా! మా వదిన పోనాది, మా అన్న పోనాడు, అందరికీ పాసట్టుకుని వచ్చినారు. ఒక్కరి మొకమైనా సూసినారేటి? మీ రైలొచ్చీసరికి ఎప్పుడూ బూడిదే. నా బూడిద సూడ్డానికి పాసు దాసుకోవద్దే అమ్మా. ఎక్కడికైనా ఎల్లి రండి, మీ ఆయనకి సెప్పు."

సౌభాగ్య భర్త వైపు చూసింది. చిన్నారావు కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఫోన్ తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పాసుకి అర్జీ పెట్టడం మొదలుపెట్టాడు. ఆవిడ కాళ్ళు నేలమీద ఆనలేదు. ఏ చీరలు సర్దుకోవాలో కూడా అనుకుంది.

"అయిపోనాది, పెట్టీసినాను" అన్నాడు.

"ఏ రోజుకి?"

"శుక్రారానికి. తెల్లారికి విజీనారంలో దిగిపోతాం." అతను కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. "పిన్ని నిజిమే సెప్పింది సౌబాగ్గెం. ఒక్కర్నీ బతికుండగా సూడలేదు మనం. పిన్నినైనా సూసొచ్చీద్దాం."

ఏమంటుంది? అతను చేసింది మంచి పని. చెడ్డ పనైతే పోట్లాడొచ్చు, మంచి పనితో ఎవరు పోట్లాడతారు? సౌభాగ్య వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

సంచిలో పుస్తకం ఎందుకు పెట్టిందో ఆవిడకే తెలియదు. పల్లెలో రెండోరోజు మధ్యాహ్నం చిన్నతల్లి మంచంలోంచి చెయ్యి చాచి "ఆ బొమ్మలేటే?" అంది. కలకత్తా అని చెప్పింది. చదివి వినిపించమంది. హిందీని నోట్లోనే తెలుగు చేస్తూ సౌభాగ్య మొదలుపెట్టింది. కాసేపటికి పుస్తకం ఒళ్ళో పెట్టేసుకుని, చూడకుండానే చెప్పుకుపోయింది. నది, పడవ, వంతెన అవతలి కొసన బంతిపూల గుట్టల సంత, గంట కొట్టుకుంటూ పోయే ట్రాము, సోమవారం మూసేసే మ్యూజియం. వాకిట్లో కూర్చుని సన్యాసిరావుతో మాట్లాడుతున్న చిన్నారావు మాటలు ఆపేశాడు.

"ఎంత బాగా సెప్పినావే! ఎన్నిపాలీలు ఎల్లినావేటి ఆ ఊరు?" అంది ముసలావిడ.

"ఎల్లలేదు సిన్నత్తా."

"ఒక్కపాలీ ఎల్లలేదా?"

"లేదు."

చిన్నతల్లి కోడలి చెయ్యి పట్టుకుంది. "ఐతే నువ్వూ నాలాగ మంచం మీదే ఉన్నావన్నమాట" అంది. ఎగతాళి లేదు, జాలే ఉంది ఆ మాటలో. సౌభాగ్యకి ఆ తరవాత తిన్న అన్నం రుచి తెలియలేదు.

తిరుగు రైలు బిలాస్‌పూర్‌లో పొద్దున్నే ఆగింది. చిన్నారావు సంచులు పట్టుకుని ఆటోల వైపు నడిచాడు. వెనక్కి తిరిగి చూస్తే భార్య లేదు. రిజర్వేషన్ కిటికీ ముందు వరసలో నిలబడి ఉంది. అతను పరుగున వచ్చి, నలుగురూ ఉన్నారని గొంతు తగ్గించి "ఏటే ఇది, పద పద" అన్నాడు. ఆవిడ కదల్లేదు. ఎవరో తెలిసినవాళ్ళు పలకరించబోతే అతను స్తంభం చాటుకి తప్పుకున్నాడు.

కిటికీలో కుర్రాడు కాలనీవాడే. "అరే ఆంటీ, ఆప్ టికట్ లేంగీ?" అని గట్టిగానే ఆశ్చర్యపోయాడు. వరసలో తలలు ఇటు తిరిగాయి. సౌభాగ్య చెవులు సిగ్గుతో కాలిపోయాయి. మూడు తరాల పరువు తన ఒక్కదాని నెత్తిమీదే కూర్చున్నట్టుంది. కిటికీ చెక్క గట్టిగా పట్టుకుని, "హావ్‌డా. ఏక్" అంది.

టికెట్ తీసుకుని స్తంభం దగ్గరికి వచ్చింది. చిన్నారావు ఆ కాగితం వంక పాము వంక చూసినట్టు చూశాడు. ఒక్కదానివే వెళతావా అని అడగలేదు. టికెట్ ఎందుకు కొన్నావనీ అడగలేదు. అతని నోట వచ్చిన మాట వేరు.

"ఈలోగా కబురొస్తే ఏటి సేస్తాం? పాసు కూడా అయిపోనాది."

"కబురొస్తే మీరూ టికెట్టు కొనుక్కుని ఎల్లండి" అంది సౌభాగ్య. "నేను కలకత్తాలో ఉంటాను."