ఎర్ర మీట దిగని క్యాసెట్లు

మొన్న సుబేదారిలో మా తమ్ముడింట్లో అందరం భోజనానికి కూర్చున్నప్పుడు, తమ్ముడి కోడలు తన ఫోన్ తెచ్చి పళ్లేల మధ్య పెట్టి, మీ చిన్నప్పటి ముచ్చట్లు చెప్పండి అత్తమ్మా, రికార్డు చేస్తానన్నది. నా నోరు చటుక్కున మూతపడింది. దాచుకోవలసిన రహస్యాలేవీ లేవు గాని, వినే యంత్రం ఎదుట అనుమానపడడం మా ఇంట్లో కొత్త కాదు. అది మా చిన్నాయన నుంచి వచ్చింది.

ఎనభైల మొదట్లో మా నాయనా, చిన్నాయనా వరంగల్ బజారులో ఒకే బట్టల దుకాణం నడిపేవారు. ఇల్లొకటే, పొయ్యీ ఒకటే. దుకాణం కట్టేసి వచ్చాక వంటింట్లో పీటల మీద కూర్చుని, అన్నదమ్ములు రోజంతటి కోపాన్నీ అక్కడే కక్కేసి, మజ్జిగన్నం కలిపేసరికి రాజీపడేవారు. అమ్మ, చిన్నమ్మ, నాయనమ్మ కూడా తలో మాట వేసేవారు గనుక ఆ గోల వీధి దాకా వినిపించేది. అటువంటి ఇంటికి మా మేనమామ బొంబాయి నుంచి టేప్ రికార్డర్ తెచ్చాడు. పాటలు విని మురిసిపోయాం. ఒక సాయంత్రం ఆయన సరదాకి ఎవరికీ చెప్పకుండా దాని రికార్డు చేసే ఎర్ర మీట నొక్కి గూట్లో పెట్టి, చిన్నాయన మాటలు పట్టి, అన్నాలయ్యాక అందరికీ వినిపించాడు. "అన్న ఒక్క అంగీ గుడ్డ కొలిచేసరికి కొనేటోని పోరడు పెద్దగైతడు" అన్న చోట పడి పడి నవ్వాం. చిన్నాయన నవ్వలేదు. మామ ఆ మాటల్ని అక్కడికక్కడే చెరిపేసినా, అదంతా అన్న చేయించిన పనే అనుకున్నాడు.

మర్నాటి నుంచి ఆయన వంటింట్లో నోరు విప్పలేదు. అమ్మ ఏదైనా అడిగితే గూటి వైపు చూసి, "నీ డబ్బా పండుకున్నంక చెప్త వదినె" అనేవాడు. ప్లగ్గు పీకి చూపించినా నమ్మలేదు, లోపల బ్యాటరీలుంటాయని ఆయనకు తెలుసు. "దానికి చెవులేడున్నయిర, నాకే సక్కగ ఇనవడ్తలేదు" అని నాయనమ్మ కసిరినా కరగలేదు. నాయన దాన్ని అమ్మేస్తానంటే, "ఎందుకన్నా, పట్టేటియన్ని పట్టిందా?" అన్నాడు. నెమ్మదిగా మాకూ అది అంటుకుని ఇల్లంతా గుసగుసలకు దిగింది. ఆయన పొయ్యి వేరు పెడదామంటున్నాడని చిన్నమ్మ మా అమ్మ దగ్గర ఏడ్చినప్పుడు నాకు నిజంగా భయం పుట్టింది.

నా చదువు పదో తరగతితో ఆగిపోయినా, గ్రంథాలయంలో సైన్సు బీరువాను పై అర నుంచి కింది అర దాకా చదివినదాన్నని కొంచెం గర్వం. అక్కడి ఒక పుస్తకంలోనే దొరికింది: క్యాసెట్టు వీపు అంచున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి, వాటిని విరిచేస్తే ఎర్ర మీట ఇక దిగదు. ఆ ఏర్పాటు ఆలోచించినవాడెవరో గాని మనిషి అనుమానాన్ని బాగా ఎరిగినవాడనిపించింది.

ఇంట్లో ఉన్న క్యాసెట్లన్నీ, ఒక స్క్రూడ్రైవరూ తీసుకుని చిన్నాయన ముందు కూర్చున్నాను.

"ఎవరు చెప్పిండ్రే నీకు?"

"పుస్తకంల ఉన్నది చిన్నాయనా."

"రాసినోడు మీ నాయన దోస్తా?"

అయినా నేను విరిచిన ప్రతిదాన్నీ పెట్టెలో వేసి, ఎర్ర మీటను బొటనవేలితో బలమంతా పెట్టి నొక్కి చూశాడు. దిగలేదు. రేపు కొత్తది తెస్తేనో అన్నాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న నాయన, "ఏదచ్చినా ముందు నీ చేతికే ఇస్త తమ్మీ, నువ్వే ఇరగ్గొట్టు" అన్నాడు.

ఆనాటి నుంచి ప్రతి క్యాసెట్టూ చిన్నాయన చేతి మీదుగానే మా ఇంట్లో పాడింది. ఆ పూటే పప్పులో ఉప్పు తక్కువైందని ఆయన గట్టిగా అరిచాడు; చిన్నమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ నవ్వింది. విరిచిన చోట చిన్న కాగితం అతికిస్తే ఎర్ర మీట మళ్లీ దిగుతుందని ఆ పుస్తకంలో అదే పేజీ అడుగున ఉంది. అది నేనెవరికీ చెప్పలేదు.

ఆ పీటల మీద కూర్చున్నవాళ్లు ఇప్పుడు చాలామంది లేరు. మిగిలిన క్యాసెట్లలో పాటలే గాని, నాయనమ్మ కసురు గాని చిన్నాయన వెక్కిరింత గాని ఒక్క ముక్క లేదు. ఈ కాలంలో ప్రతి మాటా ఎక్కడో నిలిచిపోతుందని తెలుసు గనుక, పిల్లలు ఆచితూచి ఎంతో మర్యాదగా మాట్లాడుకుంటారు. అరుచుకోవడం లేదు, అరుచుకున్నాక కలవడమూ లేదు. ఆ గొంతులు దాచుకోలేకపోయామే అని అప్పుడప్పుడు మనసు లాగుతుంది. దాచుకునే వీలు లేకపోయింది గనుకనే, ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఒకే పొయ్యి చుట్టూ కూర్చుని వాటిని వినగలిగాం.