అమ్మకు నేను నేర్పని మాటలు

ఈ రోజు మా స్కూల్లో పేరెంట్స్ మీటింగ్. నేను మ్యాథ్స్‌లో ఫెయిలైన సంగతి ఇంట్లో చెప్పలేదు. అమ్మకు ఇంగ్లీష్ రాదు. టీచర్ ముందు అనడానికి నాలుగు మాటలు నేర్పమని నిన్న నన్నే అడిగింది. సంతోషమైతే హ్యాపీ, గర్వమైతే ప్రౌడ్ అనాలని నేర్పి, ఇంకేమీ అవసరం రాదన్నాను.

టీచర్ నా మార్కుల గురించి ఇంగ్లీష్‌లో బాధగా చెప్తుంటే, అమ్మ కొంగు సర్దుకుని నవ్వుతూ "ఐ యామ్ వెరీ ప్రౌడ్" అంది. టీచర్ కళ్ళజోడు తీసి అమ్మను ఒకసారి చూసి, మళ్ళీ మొదటినుంచి బెంగాలీలో చెప్పారు. మేముండే ఈ బెంగాల్ ఊళ్ళో, వాట్‌గంజ్ బజార్లో చేపలవాళ్ళతో రోజూ బెంగాలీలోనే బేరమాడే అమ్మకు అంతా అర్థమైపోయింది. ఇది నేను అస్సలు ఆలోచించలేదు!

ఇంటికి తిరిగొస్తూ గార్డెన్ రీచ్ ఆటోలో అమ్మ నా వైపు తిరిగింది. ఇలా అడిగింది.

"కోపమొస్తే ఇంగిలీసులో ఏటంటారే?"

"యాంగ్రీ."

"మరి బయమేస్తే?"

"స్కేర్డ్."

"నాను మొదటిది. నువ్వు రెండోదా?"

నేను తలూపాను. ఏడుపొచ్చేసింది.

"పిచ్చిదానా, నాకు సెప్పడానికి బయమేటే?" అని నా చెయ్యి పట్టుకుంది. మా స్టాప్ దగ్గర దిగుతూ మెల్లగా అంది, "మీ నాన్నకి మాత్రం నువ్వే సెప్పు. నాకూ స్కేర్డే."

నాన్న డ్యూటీ నుంచి వచ్చే టైమైంది. అమ్మ వంటింట్లోంచి బయటికి రావడం లేదు. ఎలా మొదలుపెట్టాలో తెలిసినవాళ్ళు తొందరగా చెప్పండి, ప్లీజ్.