సొరుగులో ఉండిపోయిన బిరడా

డెబ్బైల మొదట్లో, వానలు తగ్గుముఖం పట్టాక, కాకినాడ నుంచి నన్ను పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక పడవల మరమ్మతు యార్డుకు ఫోర్‌మన్‌గా వేశారు. జనాన్ని రేవు దాటించే చెక్క పడవలను ఒడ్డుకు లాగి, పాడైన పలకలు మార్చి, సందుల్లో నూలు కూరి తిరిగి నీళ్లలోకి దించడం మా పని. నా కింద పనివాళ్లకు పెద్ద అప్పలరాజు మిస్త్రీ. అక్కడి హోప్ టౌన్‌లోనే పుట్టి పెరిగినవాడు. ఏళ్ల తరబడి దినకూలీగానే ఉన్నాడు. అతన్ని పర్మనెంటు చేసే ఉత్తర్వు ఇవాళో రేపో రావలసి ఉంది.

నేను ఎవరినీ నమ్మేవాణ్ణి కాదు. నా సుద్దగీత పడందే ఒక్క మేకు దిగకూడదు. "తుమ్మాలన్నా సాబ్ టిక్కు కావాలి భయ్యా" అని నూలు కూరే యేసుపాదం అంటుంటే విన్నాను. దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

పడవ అడుగున వాననీరు పోవడానికి ఒక కన్నం ఉంటుంది. దించే ముందు దాన్ని ఇత్తడి బిరడాతో మూయాలి. ఆ బిరడాను నా బల్ల సొరుగులో పెట్టుకుని, దించే రోజు అందరికన్నా ముందు వెళ్లి నేనే బిగించేవాణ్ణి.

ఒకసారి అలాంటి రోజునే పై అధికారి పొద్దున్నే పిలిచారు. సముద్రపు పోటు తగ్గిపోతే పడవ దిగదు. నా కోసం ఆగకుండా దించమని కబురు పంపాను. తిరిగొచ్చేసరికి పడవ ఒరిగిపోయి, ఇంజను నీళ్లలో మునిగి ఉంది. మనుషులకేమీ కాలేదు. బిరడా నా సొరుగులోనే ఉండిపోయింది.

అందరి ముందూ అప్పలరాజు మీద విరుచుకుపడ్డాను. కింద చూసుకోకుండా ఎలా దించావన్నాను.

"మీరు పొద్దున్నే బిగించేసుంటారనుకున్నాం సాబ్," అన్నాడు. "వంగి చూద్దామంటే, పోయినసారి 'నా పనిలో నీ చెయ్యెందుకు' అనేశారు గదా."

ఆ మాట నాకు గుర్తు లేదు. అని ఉంటాననడంలో సందేహమూ లేదు.

బాధ్యుడి పేరు సాయంత్రానికల్లా రాసివ్వమన్నారు అధికారి. దగ్గరుండి దించింది మిస్త్రీ. అతని పేరు రాస్తే నన్నెవరూ తప్పుపట్టరు, అతని పర్మనెంటు మాత్రం పోతుంది. మొదట అతని పేరే రాశాను. తర్వాత చింపేసి నా పేరు రాశాను. నాకు మందలింపు మెమో వచ్చింది.

సంగతి చెబితే అప్పలరాజు నూలు పేనుతూనే ఉన్నాడు. "ఉత్తర్వు రాదని అమ్మకి చెప్పేశాను సాబ్. ఇప్పుడు వస్తుందని మళ్లీ చెప్పాలి," అన్నాడు. 

ఇంజను బాగుచేశాక పడవను మళ్లీ దించే రోజు బిరడా అతని చేతికిచ్చాను. షెడ్డు వెనక నీడలో నాకొక కుర్చీ వేశారు.

"ఇక్కణ్ణించి ఏమీ కనబడదు కదయ్యా," అన్నాను.

"అందుకే వేశాం సాబ్. బైఠియే," అన్నాడు యేసుపాదం.

కూర్చున్నాను. లేచి వెళ్లాలని కాళ్లు లాగాయి. పడవను దించే వించి గొలుసు చప్పుడు ఆగింది. ఎవరూ పిలవలేదు. పడవ తేలిందని యేసుపాదం టీ తెచ్చినప్పుడే తెలిసింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ పని, ఎప్పటికి కావాలో చెప్పి ఊరుకున్నాను. పిలిస్తే వెళ్లాను. అన్నీ నేనే చూస్తే తప్పు జరగదనుకున్న రోజుల్లో, నాతో పనిచేసినవాళ్లు చూడటం మానేశారు. మాన్పించింది నేనే.