పడమటి గట్టు నురుగు గూళ్లు

నా పదవీ విరమణకు కొన్నేళ్ల ముందటి వానాకాలం. జూలై మొదట్లో, శేరిలింగంపల్లి పరిధిలోని ఒక ఐటీ క్యాంపస్ కుంటకు నన్ను సర్వేకి పంపారు. అప్పుడు నేను ప్రభుత్వ జంతుశాస్త్ర విభాగంలో సీనియర్ జువాలజిస్టును. కుంట చుట్టూ గ్రానైట్ గోడ కట్టడానికి యాజమాన్యం దరఖాస్తు పెట్టుకుంది. ఏ గట్టున కప్పలు గుడ్లు పెడుతున్నట్టు రుజువైతే ఆ గట్టును మట్టిగట్టుగానే వదలాలి. అది తేల్చడం నా పని.

మా పనిలో కప్ప కనిపిస్తే చాలదు. ఎక్కడి నుంచైనా గెంతి వచ్చి ఉండవచ్చు. గుడ్ల నుంచి తోకకప్పలు బయటికి రావడం ఫొటోలో కనబడాలి, పక్కన కొలబద్ద ఉండాలి. చెట్టుకప్ప విషయంలో ఇది కష్టం. నీటిమీదికి వంగిన కొమ్మకు తెల్లటి నురుగు ముద్ద కట్టి అందులో గుడ్లు పెడుతుంది. కొన్ని రోజులకు నురుగు కరిగి, పిల్లలు కింది నీళ్లలోకి జారతాయి.

అలాంటి నురుగు గూళ్లు పడమటి గట్టున రెండు, తూర్పు గట్టున ఒకటి దొరికాయి. ఫొటోలు తీసుకున్నాను. మర్నాడు ఉదయం వెళ్లేసరికి పడమటివి లేవు. కొమ్మలు తడిసి ఉన్నాయి. హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ యాదమ్మ నీళ్ల పైపు చుట్టుకుంటోంది.

"చెరువు నురగ సార్. వాన పడితె మా దిక్కు రోడ్డు మీదికి తన్నుకొస్తది, ఒకటే కంపు. గిక్కడ గూడ మొదలైందని పైనుంచి ఫోన్ జేసిండ్రు. కడిగినం."

మురుగు కలిసిన చెరువులు నురగ కక్కే ఈ నగరంలో ఎవరైనా అలాగే అనుకుంటారు. అది కప్ప గూడని చెప్పాను. ఆమె తూర్పు గట్టుకు నడిచి, మిగిలిన గూడును దగ్గరగా చూసింది.

"గంత కష్టపడి కట్టుకుంటదా? అయ్యో, నా చేతులతోనే కొట్టేస్తి గద సార్."

ఫెసిలిటీ మేనేజరును కలిసి, కడగడం ఆపమని అడిగాను. భీమవరం వైపు మనిషి, మర్యాదస్తుడు. "రేపు క్లయింట్లు వస్తున్నారండి. నురుగు కనబడితే ముందు నన్ను కడిగేస్తారు. మీ ఆఫీసు నుంచి ఉత్తరం తెప్పించండి, ఆపేస్తాను" అన్నాడు. మా ఆఫీసులో ఉత్తరం కదలడానికి వారం పడుతుంది. గూడుకు అంత వ్యవధి లేదు.

తిరిగి వచ్చేసరికి తూర్పు గట్టుమీద, ఆ కొమ్మ పక్కనే, పసుపు బోర్డు నిలబడి ఉంది: నేల తడిగా ఉంది, జాగ్రత్త.

"ఇగ ఫికర్ జెయ్యకుండ్రి" అంది యాదమ్మ. "గా బోర్డు వెట్టినకాడికి సీఈవో గూడ రాడు."

నిజంగానే ఎవరూ రాలేదు. రెండు రోజుల తర్వాత నురుగు అడుగు కరిగి సాగింది. తోకకప్పలు ఒకదాని వెనుక ఒకటి నీళ్లలోకి జారాయి. కొలబద్ద పెట్టి తీసిన ఆ ఫొటోతో తూర్పు గట్టు మట్టిగట్టుగా మిగిలింది.

పడమటి గట్టున గూళ్లు ఉన్నాయని నాకు తెలుసు. కానీ నిబంధన ప్రకారం వట్టి నురుగు ఫొటో అనుమానం కిందే లెక్క. 'రుజువు లేదు' అని రాసి సంతకం పెట్టాను. అక్కడ గ్రానైట్ పడింది.

ఆ తర్వాత సర్వేకి ఏ కుంటకు వెళ్లినా మొదట మేనేజరు గదికి వెళ్లలేదు. ఆ గట్టు కడిగేది ఎవరని అడిగి, వాళ్లను కలిశాకే కెమెరా బయటికి తీశాను.