కాలవకు పైన పడ్డ చేను

నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని ఊళ్లో పేరు. ఆ పేరంటే నాకు ఎంత గర్వంగా ఉండేదో, తర్వాత అంత సిగ్గయింది. మా చేనుకు కృష్ణ నీళ్లు రాకుండా చేసిన అర్జీ ఆ చేతిరాతలోనే ఉంది.

మాది కారంపూడికి అవతల మెట్ట పల్లె. జొన్న, కంది, ఆముదం తప్ప ఇంకో పైరు ఎరగం. తినేది జొన్నన్నమే. వరి అన్నం పండక్కీ, జ్వరం తగ్గాక పథ్యానికీ. అమ్మ మాత్రం రేపల్లె వైపు నుంచి వచ్చింది. అటువాళ్లు పల్నాటికి పిల్లనివ్వడమంటే బావిలోకి తోయడమే అనుకునేవారు. తండ్రి లేని పిల్ల గనక మేనమామలు ఇచ్చేసి చేతులు దులుపుకున్నారు. ఆమె చిన్నతనం నుంచీ నాట్లు వేసిన మనిషి. ఇక్కడ జొన్న ముద్ద కలుపుతూ, మా ఊళ్లో ఈపాటికి నారు పోసుంటారు, ఈపాటికి వెన్ను తీసుంటుంది అని చెబుతుండేది. నాయన విననట్టు చెంబెత్తి నీళ్లు తాగేవాడు. మన సొంత చేలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి వరి నాటి, ఆ బియ్యం వండి మా ముందు పెట్టాలి. ఆమె కోరికంతా అదే. నగలడిగిన గుర్తు లేదు నాకు.

సాగర్ డ్యామ్ పనులు మొదలైన కొన్నాళ్లకు కాలవల సర్వే మా ఊరికొచ్చింది. నేను అప్పటికి ఎనిమిదో తరగతి పాసై, టీచరు ట్రైనింగుకు పిలుపు కోసం చూస్తున్నాను. సర్వే వాళ్లు గొలుసులు పట్టుకుని చేలన్నీ కొలిచి, సున్నం కొట్టిన రాళ్లు పాతి పోయారు. ఆ రాళ్ల వరస మా రెండెకరాల చేను పైకొసను కోసుకుంటూ పోయింది. వారం తర్వాత ఓవర్సీరు వచ్చి బడి వరండాలో ఊరి రైతుల్ని కూర్చోబెట్టాడు. మంచివాడే, ఏ మాటకామాటే చెప్పాలి. పిల్లకాలవ ఇలా పోతుంది, నీళ్లు మీవి, మీకేమన్నా అభ్యంతరముంటే రాసివ్వండి, పైకి పంపుతానన్నాడు.

ఆడవాళ్లను పిలవలేదు. పిలవలేదన్న సంగతి ఎవరికీ తోచలేదు కూడా, నాతో సహా.

అందరికంటే ముందు లేచింది మా నాయనే. కాలవ కింద అరెకరం పోతుందనీ, మిగిలిన నేల చౌడు బారుతుందనీ, ఇంతా చేసి ఎక్కడో కిందున్న కృష్ణ మన మెట్ట ఎక్కుతుందని నమ్మకమేమిటనీ అడిగాడు. మా చేను మీద పడ్డ రాళ్లే ఇంకో పదిమంది చేల మీదా పడ్డాయి. వాళ్లంతా తలలూపారు. కాలవను కింద బంజరులోకి జరపమని అడుగుదామని తీర్మానమైంది. బంజరయితే సర్కారుకు నష్టపరిహారం బాధ లేదు, ఓవర్సీరు కూడా కాదనలేదు.

సాయంత్రం నాయన తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. సంగతి విని అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"కాలవని కిందికి జరిపితే మన చేను దానికి పైన పడుద్ది. కిందున్న చేనుకి నీళ్లు పారతాయి గానీ పైనున్న చేనుకి ఎట్టా ఎక్కుతాయయ్యా? అరెకరం పోతే పోనీ. ఎకరన్నర తడుసుద్ది గదా."

"నీకు మీ ఊరి కాలవలు తెలుసు. మా నేల సంగతి నీకేం తెలుసే?" అన్నాడు నాయన.

అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు చదువుకున్నావు గదే. నువ్వన్నా ఆలోచించు."

నేనేం ఆలోచించాను? కొత్త పాళీ సిరా సరిగ్గా దిగుతుందో లేదో చూసుకుంటున్నాను. మొదటిసారి పెద్దవాళ్ల పని నా చేతికి వచ్చింది. 'మహారాజశ్రీ' అని మొదలుపెట్టి, ఒక్క కొట్టివేత లేకుండా రెండు పేజీలు రాశాను. పదకొండు మంది మగవాళ్లు సంతకాలూ వేలిముద్రలూ వేశారు. మర్నాడు ఓవర్సీరు దస్తూరి బాగుందన్నాడు. ఆ రోజంతా నా కాళ్లు నేల మీద లేవు.

ఊరి మాట సర్కారు వినదంటారు. మా ఊరి మాట విన్నది. రాళ్లు పీకి బంజరులో పాతారు.

కాలవ తవ్వడానికి, డ్యామ్ పూర్తవడానికి ఏళ్లు పట్టింది. నేను ట్రైనింగయి, పక్క ఊరి బడిలో పంతులమ్మనయ్యాను. నీళ్లు వదిలిన రోజు ఊరు ఊరంతా కాలవ గట్టు మీదే ఉంది. ఎర్రటి నీళ్లు ఎండుకంపనూ నురగనూ నెట్టుకుంటూ వచ్చాయి. అమ్మ మోకాళ్ల దాకా దిగి, దోసిట్లో నీళ్లు తీసుకుని కళ్లకద్దుకుంది. ఆ తర్వాత వెనక్కి తిరిగి మా చేను వంక చూసింది. గట్టుకన్నా మనిషెత్తు పైన ఉంది చేను. ఆ రోజు ఊళ్లో మగాళ్లందరి భుజాల మీదా పారలున్నాయి. నాయన ఉత్త చేతులతో వచ్చాడు.

కాలవ కింద బీళ్లన్నీ ఆ ఏడే పచ్చబడ్డాయి. నాట్లు ఎలా వెయ్యాలో మా వైపు ఆడవాళ్లకు తెలియదు. అమ్మే వెళ్లి నేర్పింది. కూలి తీసుకోలేదు. ఇంటికొచ్చాక కాళ్లకంటిన బురద కడుక్కోకుండా చాలాసేపు అరుగు మీద కూర్చునేది. ఇప్పటికీ నాకు అమ్మంటే ఆ బురద కాళ్లే గుర్తొస్తాయి. ఒక్కసారి ఆ అరుగు మీద ఆమె పక్కన కూర్చోగలిగితే చాలనిపిస్తుంది.

ఉండబట్టలేక ఇంకో అర్జీ రాశాను, మా చేలకు పైనుంచి ఒక పాయ తవ్వించమని. నేనే తీసుకుని ఆఫీసుకు పోయాను. పాత ఓవర్సీరు బదిలీ అయి, ఎవరో పెద్దాయన ఉన్నాడు. ఫైలు తెప్పించి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు.

"రెండూ ఒక్క చేతిరాతే గదమ్మా."

అవునన్నాను. తల కొట్టేసినట్టయింది.

"అప్పుడు మీ ఊళ్లో ఇది వద్దన్నవాళ్లు ఒక్కరూ లేరా?"

"మా అమ్మ వద్దన్నదండీ."

ఆయన పాత అర్జీని చివరి వేలిముద్ర దాకా చూశాడు. "ఆ మాట ఇందులో లేదే," అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు. అందుకే ఇంకా కుంగిపోయాను. లెవెలు లెవెలే, ఇక చేసేదేం లేదని చెప్పి పంపించాడు.

ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పాను. తెల్లారి చూస్తే నాయన మంచం ఖాళీ. చేను కొసన, కాలవకు దగ్గరగా, నాలుగు మంచాలంత మేర దున్ని గట్లు వేస్తున్నాడు. అమ్మ తన తమ్ముడికి కబురు పెట్టి ముంతెడు అక్కుళ్ల వరి విత్తనాలు తెప్పించింది. ఆ పంట చేతికొచ్చేదాకా నాయన రోజూ పొద్దున్నే కావిడికి రెండు కిరసనాయిలు డబ్బాలు కట్టి, కాలవలో ముంచి, ఆ గట్టెక్కి మడిలో పోశాడు. సరిపోయిందా అని అడిగేవాడు. అమ్మ బురద తొక్కి చూసి, ఇంకో రెండు డబ్బాలు అనేది. నాయన కావిడెత్తుకుని మళ్లీ కాలవలోకి దిగేవాడు.

కోసి, బండ మీద కొట్టి, రోట్లో దంచితే తవ్వెడు బియ్యం వచ్చాయి. ముగ్గురికి ఒక పూట. అమ్మ వండి, విస్తళ్లు వేసి, మా ముందు వడ్డించింది. ఇల్లంతా ఆ అన్నం వాసనే. నాయన మొదటి ముద్ద తిని, విస్తరి వంక చూస్తూ అన్నాడు.

"ఆ రోజు నిన్నడగాల్సిందే."

"అడక్కపోయినా చెప్పాను గదయ్యా," అన్నది అమ్మ.

అంటున్నప్పుడు ఆమె చూసింది ఆయన వంక కాదు. నా వంక.