సీతారత్నం గారి వంటింట్లోంచి దారి

మా చిన్నప్పుడు... గుణదల కొండవాలులో మా సందు ఎంత ఇరుకంటే, నేను రెండు చేతులూ చాపితే రెండువైపులా గోడలు తగిలేవి. నీళ్ళ బిందెతో ఎవరైనా పైకొస్తుంటే, దిగేవాళ్ళు దగ్గర్లో ఉన్న గుమ్మంలోకి తప్పుకోవాలి... అదీ మా సందు పద్ధతి.

ఆరో తరగతిలో ఇంగ్లీషు మాస్టారు 'క్లోజ్ క్వార్టర్స్' అనే మాట చెప్పారు. మనుషులు ఒకరినొకరు ఆనుకుని మసలే ఇరుకు చోటు అని అర్థం. సొంతంగా ఒక వాక్యం రాసుకు రమ్మన్నారు. నాకింకేం కావాలి... స్కేలు పట్టుకుని సందంతా కొలుస్తూ తిరిగాను.

ఒక్క సీతారత్నం గారి గుమ్మం దగ్గరికే వెళ్ళలేదు. మా దండెం మీది బట్టల నీళ్ళు ఆవిడ వడియాల మీద కారాయని, అమ్మకీ ఆవిడకీ నెల రోజులుగా మాటల్లేవు. తలుపుకి ఎప్పుడూ పరదా... లోపల ఏముందోనని నాకు ఒకటే ఆరాటం.

మర్నాడు పొద్దున్నే నాయనమ్మ మెట్ల మీద జారిపడింది. తుంటి విరిగింది, కూర్చోబెడదామంటే కుదరదు. నాన్నా, ఇంకో ముగ్గురూ నులక మంచం మీద పడుకోబెట్టి దించుతుంటే, కరెంటు స్తంభం దగ్గర మలుపులో మంచం ఇరుక్కుపోయింది. ముందుకి పోదు... కాస్త ఒరిగిస్తే నాయనమ్మ కేక. కింద రోడ్డు మీద ఆటో ఎదురుచూస్తోంది. అమ్మ ఏడుపు మొదలెట్టింది.

మలుపులో ఉన్నది సీతారత్నం గారి ఇల్లే. పరదా తొలగింది.

"మా ఇంట్లోంచి దించండి. వంటింటి తలుపు కింది మెట్ల మీదకే తెరుచుకుంటుంది" అన్నారావిడ.

నాన్న చెప్పులు విప్పబోయాడు. "వాటి సంగతి తరవాత, ముందు పెద్దావిణ్ణి దాటించండి బాబూ!" అని కసిరారు. పొయ్యి మీది పులుసు దించేసి, కత్తిపీటని కాలితోనే మూలకి నెట్టేశారు.

చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది... నాయనమ్మ అలా మూలుగుతుంటే, నేను ఆ వంటిల్లు చూస్తూ నిలబడ్డాను. గూట్లో ఒక్క కంచం, ఒక్క గ్లాసు. ఆవిడకి ఎవరూ లేరని అప్పటిదాకా నాకు తెలీదు.

రెండ్రోజుల తర్వాత నా వాక్యం చూపించాను. "వుయ్ లివ్ ఇన్ క్లోజ్ క్వార్టర్స్, సో గ్రాండ్‌మదర్ వెంట్ త్రూ సీతారత్నం గారూస్ కిచెన్."

మాస్టారు రెండుసార్లు చదివారు. "మాట సరిగ్గానే వాడావు. ఇంతకీ నాయనమ్మ ఎలా ఉన్నారమ్మా?" అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది.

నాయనమ్మ ఆపరేషనయ్యాక కర్ర పట్టుకుని నడిచింది లెండి. నాయనమ్మ పడిన వారంలోనే అమ్మ దండెం మార్చేసి, గిన్నెలో కూరతో ఆ పరదా ముందు నిలబడింది. "వదినగారూ" అని పిలవడానికి ఎంతసేపు తటపటాయించిందో!

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో స్ట్రెచర్ కూడా పడుతుంది. సుఖమే... కాదనను. కానీ ఎదురు ఫ్లాటులో ఎంతమంది ఉంటారో ఆరేళ్ళైనా తెలీదు. నేనూ వెళ్ళి అడగలేదు.

మీకెప్పుడైనా, ఎవరైనా, తమ వంటింట్లోంచి దారిచ్చారా? వాళ్ళ గురించి కింద రాయండి... నాకు తెలుసుకోవాలనుంది.